తక్కువ వెలుతురులో ప్రయాణ ఛాయాచిత్రాలు: లెన్సుల పోలిక

ఉద్దేశాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• ఎఫ్ సంఖ్యకూ, లెన్సు ద్వారా వచ్చే వెలుతురుకూ ఉన్న సంబంధాన్ని లెక్కకట్టి చెప్పగలుగుతారు.
• స్థిరీకరణ ఎక్కడ ఉపయోగపడుతుందో, ఎక్కడ ఉపయోగపడదో వివరించగలుగుతారు.
• తీయదలచిన దృశ్యానికి తగిన లెన్సును ఎంచుకోగలుగుతారు.

1. పరిచయం

దిగువ కృష్ణా డెల్టాలో ఫోటో తీయాలనిపించే దృశ్యాలు చాలావరకు వెలుతురు తక్కువగా ఉన్నప్పుడే ఎదురవుతాయి. మచిలీపట్నం దగ్గర మంగినపూడి తీరంలో తెల్లవారుజాము, పెడనలో కలంకారీ అద్దకం షెడ్లు, గుడివాడ జంక్షన్‌లో రాత్రివేళ ప్లాట్‌ఫారం, కూచిపూడిలో సాయంత్రపు నాట్య ప్రదర్శన, దివిసీమలోని హంసలదీవి వద్ద మునిమాపు వేళ ఇందుకు ఉదాహరణలు. ఇలాంటిచోట ఫ్లాష్ వెలిగిస్తే పనిలో ఉన్నవారికి ఇబ్బంది. దాని వెలుగు కొద్ది మీటర్లకు మించి పనిచేయదు. ఆ చోటికి సహజంగా ఉన్న వెలుతురు కూడా ఫోటోలో కనిపించకుండా పోతుంది.

అందువల్ల కొత్త లెన్సు కొనాలన్న ఆలోచన వస్తుంది. లెన్సు చౌక వస్తువు కాదు. "చీకట్లో బాగా పనిచేస్తుంది" అన్న మాట ఒక్కటే నమ్మి కొంటే, డబ్బు ఖర్చయిన తరవాత కూడా ఫోటోలు మసకగానే రావచ్చు. కొనే ముందు మీరు వేసుకోవలసిన మొదటి ప్రశ్న ఇది: నేను తీయబోయేది కదిలేదా, కదలనిదా?

2. ఎఫ్ సంఖ్య

లెన్సు నాభ్యంతరాన్ని, అంటే ఫోకల్ లెంగ్త్‌ను, అపర్చర్ వ్యాసంతో భాగిస్తే వచ్చేది ఎఫ్ సంఖ్య. 50 మి.మీ. లెన్సులో అపర్చర్ వ్యాసం సుమారు 28 మి.మీ. ఉంటే అది ఎఫ్/1.8. సుమారు 9 మి.మీ. మాత్రమే ఉంటే ఎఫ్/5.6. సంఖ్య చిన్నదయ్యే కొద్దీ ద్వారం పెద్దదవుతుంది.

వెలుతురు ద్వారం వైశాల్యాన్ని బట్టి వస్తుంది. వైశాల్యం వ్యాసపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కాబట్టి 5.6ను 1.8తో భాగించి వర్గం చేస్తే 9.7 వస్తుంది. అంటే ఎఫ్/1.8 వద్ద సెన్సర్‌పై పడే వెలుతురు ఎఫ్/5.6 వద్ద పడేదానికి దాదాపు 10 రెట్లు. 1.4, 2, 2.8, 4, 5.6, 8 అనే వరసలో ఒక్కో మెట్టును ఒక స్టాప్ అంటారు. ఒక స్టాప్ ముందుకు వెళితే వెలుతురు సగమవుతుంది.

3. కదిలే దృశ్యం: పెడన షెడ్డు

పెడనలో అద్దకం పనివారు చెక్క అచ్చును రంగులో ముంచి, బట్టపై ఉంచి, పిడికిలితో కొడతారు. ఆ చేయి ఒక్క క్షణం కూడా ఆగదు. కెమెరాతోపాటు వచ్చే 18-55 మి.మీ. జూమ్ లెన్సు 55 మి.మీ. వద్ద ఎఫ్/5.6 కంటే తెరుచుకోదు. ఐఎస్ఓ 3200 పెట్టినా షట్టర్ వేగం 1/10 సెకను దగ్గరే ఆగిందనుకోండి. అప్పుడు బట్ట స్పష్టంగా వచ్చినా చేయి చెరిగిపోతుంది. అదే ఐఎస్ఓతో ఎఫ్/1.8 లెన్సు వాడితే వేగం 1/100 సెకనుకు చేరుతుంది. చేయి, అచ్చు గుర్తుపట్టేలా వస్తాయి.

ఇక్కడ మరో విషయం గమనించాలి. మన విద్యుత్ సరఫరా 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబులైట్లు, కొన్ని ఎల్ఈడీ దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. వాటి కింద 1/100 లేదా 1/50 సెకను వాడితే ఫోటోలో చారలు పడే అవకాశం తగ్గుతుంది.

నాభ్యంతరం ఎంత ఉండాలి? ఏపీఎస్-సి సెన్సర్ ఉన్న కెమెరాలో 50 మి.మీ. లెన్సు, ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో 75-80 మి.మీ. లెన్సు చూపినంత దృశ్యాన్నే చూపుతుంది. ఇరుకు షెడ్డులో వెనక్కి జరగడానికి చోటుండదు. అక్కడ 35 మి.మీ. ఎఫ్/1.8 నయం. కూచిపూడి ప్రదర్శనను ప్రేక్షకుల మధ్య కూర్చుని తీయాలంటే 85 మి.మీ. ఎఫ్/1.8 తగినది. 70-200 మి.మీ. ఎఫ్/2.8 జూమ్‌తో దూరాన్ని మార్చుకునే వీలుంది కాని, దాని బరువు, ధర చాలా ఎక్కువ. పైగా ఎఫ్/1.8తో పోలిస్తే దాని వెలుతురు సగం కంటే తక్కువ.

4. కదలని దృశ్యం: గుడివాడ, హంసలదీవి

చేతిలో కెమెరా వణకడం వల్ల వచ్చే మసకను స్థిరీకరణ తగ్గిస్తుంది. ఏపీఎస్-సి కెమెరాపై 50 మి.మీ. వద్ద సాధారణంగా 1/80 సెకను అవసరం. 3 స్టాపుల స్థిరీకరణ ఉంటే 1/10 సెకనుకు దిగవచ్చు. గుడివాడ ప్లాట్‌ఫారంపై ఆగి ఉన్న మచిలీపట్నం రైలు, స్టేషన్ బోర్డు, ఖాళీ బెంచీ ఈ పద్ధతిలో చక్కగా వస్తాయి. అదే ఫ్రేములో రైలెక్కుతున్న మనిషి మాత్రం మసకబారుతాడు. స్థిరీకరణ మీ చేతి వణుకును సరిచేయగలదు, ఎదుటివారి కదలికను ఆపలేదు.

హంసలదీవి వద్ద నది సముద్రంలో కలిసే చోటును సంధ్యవేళ తీయడానికి ట్రైపాడ్, మీ దగ్గరున్న పాత లెన్సు చాలు. ఎఫ్/8 పెట్టి షట్టర్‌ను కొన్ని సెకన్లు తెరిచి ఉంచవచ్చు. కాని నాగాయలంక దగ్గర పడవలో కూర్చుంటే ట్రైపాడ్ కూడా పడవతో పాటే ఊగుతుంది. అక్కడ మళ్లీ పెద్ద అపర్చరే శరణ్యం.

5. పెద్ద అపర్చర్‌తో వచ్చే ఇబ్బంది

ఏపీఎస్-సి కెమెరాపై 50 మి.మీ. లెన్సుతో 2 మీటర్ల దూరాన్ని ఎఫ్/1.8 వద్ద ఫోకస్ చేస్తే స్పష్టంగా వచ్చే లోతు పది పన్నెండు సెంటీమీటర్లే. పనివాని ముఖం స్పష్టంగా ఉంటే అచ్చు మసకబారవచ్చు. స్టాన్లీ కుబ్రిక్ 1975 నాటి 'బారీ లిండన్' చిత్రంలో కొన్ని సన్నివేశాలను కొవ్వొత్తుల వెలుగులో తీయడానికి, నాసా కోసం జైస్ సంస్థ తయారుచేసిన 50 మి.మీ. ఎఫ్/0.7 లెన్సు వాడారు. ఫోకస్ తప్పకుండా నటులు తమ కదలికలను తగ్గించుకోవలసి వచ్చింది. కాబట్టి ముందు మీ ఫోటోలో ఏది స్పష్టంగా ఉండాలో నిర్ణయించుకుని, దానిపైనే ఫోకస్ చేయండి. ఇద్దరు మనుషులుంటే ఎఫ్/2.8కి తగ్గించి, ఐఎస్ఓ పెంచండి. కొద్దిపాటి గరుకుదనాన్ని కన్ను భరిస్తుంది. చెరిగిపోయిన ముఖాన్ని తిరిగి తీసుకురాలేము.

6. సారాంశం

దృశ్యం కదలకపోతే ట్రైపాడ్‌కు, స్థిరీకరణకు ప్రాధాన్యమివ్వండి. కొత్త లెన్సు అవసరం ఉండకపోవచ్చు. మనుషులు, పని, నాట్యం మీ విషయమైతే ఎఫ్/1.8 స్థిర నాభ్యంతర లెన్సు కొనండి. చోటు ఇరుకైతే 35 మి.మీ., దూరమైతే 85 మి.మీ. ఎంచుకోండి. కొనే ముందు మీ పాత ఫోటోల్లో మసకగా వచ్చినవి తీసి చూడండి. ఫ్రేము మొత్తం చెరిగి ఉంటే చాలావరకు లోపం చేతి వణుకుది. మనిషి ఒక్కడే చెరిగి ఉంటే షట్టర్ వేగం చాలలేదని అర్థం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఎఫ్/4 వద్ద 1/15 సెకను అవసరమైన దృశ్యానికి, ఐఎస్ఓ మార్చకుండా ఎఫ్/2 వద్ద ఎంత వేగం సరిపోతుంది?
2. చీకటి పడుతుండగా వల లాగుతున్న జాలరిని తీయాలి. స్థిరీకరణ ఉన్న ఎఫ్/5.6 లెన్సు, స్థిరీకరణ లేని ఎఫ్/1.8 లెన్సులలో దేన్ని ఎంచుకుంటారు? ఎందుకు?

జవాబులు

1. వెలుతురు 4 రెట్లవుతుంది కాబట్టి 1/60 సెకను.
2. ఎఫ్/1.8 లెన్సు. ఇక్కడ ఆపవలసింది జాలరి కదలికను. అందుకు షట్టర్ వేగం పెరగాలి.