గడపలోనే ఉంది డిజైన్!

ఇంటీరియర్ డిజైన్ అనగానే ఇటాలియన్ మార్బుల్, జిప్సం సీలింగ్, రంగురంగుల క్యాటలాగులే గుర్తొస్తాయి. కానీ ఆ కోర్సులో చేరిన కడప జిల్లా పిల్లలకు అసలు పాఠాలు ఇంటి చుట్టుపక్కలే పరిచి ఉన్నాయి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల... ఈ మూడు ఊళ్లనూ ఓసారి డిజైనర్ కళ్లతో చూస్తే...

ముంబయిలో ఏ రాళ్ల దుకాణానికైనా వెళ్లి 'కడప్పా' కావాలని అడగండి. అది ఏ ఊరని ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు. నేరుగా నల్లటి బండ చూపించి చదరపు అడుగు ధర చెప్పేస్తారు. మరాఠీ, గుజరాతీ ఇళ్లలో వంటగట్టు మీద పరిచే రాయికి అదే పేరు. అక్కడివాళ్లకు కడప అంటే జిల్లా కాదు, బండ! తమాషా ఏమిటంటే, ఆ రాయి గనుల్లోంచి వచ్చే జమ్మలమడుగు, ఎర్రగుంట్ల ప్రాంతాల్లోనే కొత్త ఇల్లు కట్టుకునేవాళ్లు చాలామంది 'నాపరాయా... అది పాతకాలంది' అని పెదవి విరుస్తారు. లారీల్లో దూరం నుంచి వచ్చిన టైల్స్ దించుకుంటారు.

ఈ చిన్నచూపు పోవాలంటే ఎవరో ఒకరు ఆ రాయిని కొత్తగా చూడాలి. ఆ పని చేయగలిగినవాళ్లు ఇప్పుడు జిల్లాలోనే చదువుకుంటున్నారు. ఒకప్పుడు ఇంటీరియర్ డిజైన్ చదవాలంటే హైదరాబాదో, చెన్నయో, అహ్మదాబాదో బయల్దేరాల్సిందే. 2020లో కడపలో డాక్టర్ వైఎస్సార్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఏర్పాటైంది. చిత్రలేఖనం, శిల్పం, యానిమేషన్ వంటి వాటితోపాటు ఇంటీరియర్ డిజైన్‌లోనూ డిగ్రీ పెట్టారు. ప్రవేశాలకు ఏడీసెట్ అనే పరీక్ష ఉంటుంది.

టేపు పట్టుకో... కొలువు!

డిజైన్ కోర్సులో చేరగానే సోఫాలు, షాండ్లియర్లు గీయిస్తారనుకుంటే పొరపాటే. మొదట్లో ఇచ్చే పనుల్లో ముఖ్యమైనది ఉన్న ఇంటిని కొలవడం. గోడ మందం ఎంత, కిటికీ నేలకు ఎంత ఎత్తులో ఉంది, తలుపు తెరిస్తే ఎంత చోటు తింటుంది... అన్నీ కొలిచి కాగితం మీద స్కేలుకు గీయాలి. విసుగు పుట్టించే పనే. కానీ ఓ పాత మిద్దెను కొలవడం మొదలుపెడితే మాత్రం తొందరగా లేవబుద్ధి కాదు.

రాయలసీమ మట్టిమిద్దె సంగతే చూడండి. రెండడుగుల మందం రాతిగోడ. పైన దూలాలు, వాటి మీద దంతెలు, ఆపైన బండలో కట్టెలో పరిచి, అన్నిటికీ పైన చౌడుమట్టి. వానాకాలానికి ముందు కొత్త చౌడు చల్లకపోతే మిద్దె ఉరుస్తుంది. ఎండ నలభై దాటినా గోడ లోపలికి వేడి చేరేసరికి సాయంత్రమైపోతుంది. కప్పు నడుమ గవాక్షి. మా అవ్వ ఇంట్లో దానికింద నేల మీద పడే ఎండబిళ్ల ఎక్కడికి జరిగిందో చూసి టైము చెప్పేవాళ్లం! వెలుగు లోపలికి రావడం, పొగా వేడిగాలీ బయటికి పోవడం... రెండు పనులూ ఆ ఒక్క కంతతోనే.

సికింద్రాబాద్‌లో 1930లో పుట్టిన ఛార్లెస్ కొరియా ప్రపంచానికి తెలిసిన వాస్తుశిల్పి. ఆయన 1960ల్లో అహ్మదాబాద్‌లో 'ట్యూబ్ హౌస్' అనే చిన్న ఇంటిని రూపొందించారు. వేడిగాలి వాలు కప్పు వెంట పైకి పాకి, శిఖరం దగ్గర వదిలిన సందులోంచి వెళ్లిపోయే ఏర్పాటు అందులోని గొప్పతనం. డిజైన్ విద్యార్థులు ఆ బొమ్మను పుస్తకంలో చూసి అబ్బురపడతారు. జమ్మలమడుగు పల్లెల నుంచి వచ్చిన పిల్లకైతే అది మన గవాక్షికి దూరపు చుట్టంలా కనిపించాలి!

గోడల్లోని గూళ్లూ అంతే. దీపానికొకటి, దువ్వెనకొకటి, లెక్కల పుస్తకానికొకటి. కేరళలో స్థిరపడిన లారీ బేకర్ చవక ఇళ్లలో అల్మరాలనూ కూర్చునే గట్లనూ గోడతోనే కట్టేసేవారు. విడిగా బీరువాలు కొనే ఖర్చు తగ్గుతుందన్నమాట. ఇవాళ ప్లైవుడ్‌తో వార్డ్‌రోబ్ చేయిస్తే ఎంతవుతుందో ఇల్లు కట్టినవాళ్లకు వేరే చెప్పాలా?

అయితే మిద్దెను మరీ నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. వానొస్తే గిన్నెలు పట్టుకుని పరుగెత్తిన వాళ్లనడగండి, ఆర్సీసీ శ్లాబు విలువ చెబుతారు. మూలమూలల చీకటి, తేళ్ల భయం సరేసరి. పాత ఇల్లు మళ్లీ కట్టమని ఎవరూ అనరు. కొలతలైనా తీయకుండా కూల్చేయడమే బాధ.

నిమ్మచుక్కతో పరీక్ష

మన బండ మంచిచెడులు ఇల్లాళ్లకు తెలియాల్సినవి. నాపరాయి సున్నపురాయి జాతి. భూగర్భశాస్త్రవేత్తలు దీనికి మన జిల్లాలోని నర్జి గ్రామం పేరే పెట్టారు. పొరలు పొరలుగా ఉండటంవల్ల పలకల్లా విడివడుతుంది. చవక, గట్టిది. కానీ పులుపంటే పడదు. నిమ్మరసం, చింతపండు పులుసు ఒలికి అలాగే ఉండిపోతే మెరుగు పోయి తెల్లమచ్చ పడుతుంది. బాత్‌రూం కడిగే యాసిడ్ తగిలితే నురుగొస్తుంది కూడా. గ్రానైట్‌కు ఈ బాధ అంతగా ఉండదు. అందుకే గట్టు మీద పులుపు పడితే వెంటనే తుడిచేయాలి. అప్పుడప్పుడూ కాస్త కొబ్బరినూనె రాస్తే నలుపు తేలుతుంది.

ఇక ఖరీదైన వంటిళ్లలో ఫ్యాషనైపోయిన 'క్వార్ట్జ్' గట్టు కథ వేరు. అది గనిలో దొరికిన రాయి కాదు. రాతిపొడిని జిగురుతో కలిపి ఫ్యాక్టరీలో చేసిన పలక. చాలా రకాల్లో సిలికా తొంభై శాతం దాకా ఉంటుంది. వంటింట్లో ఉన్నంతవరకూ ఇబ్బంది లేదు. దాన్ని కోసేటప్పుడు లేచే దుమ్ము మాత్రం కోసేవాడి ఊపిరితిత్తుల్ని సిలికోసిస్‌తో పీడిస్తుంది. ఈ కారణంతోనే ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి అలాంటి పలకల్ని నిషేధించింది. సున్నపురాయిలో సిలికా అంతకంటే చాలా తక్కువ. అలాగని మన పాలిష్ ఫ్యాక్టరీల్లో ముక్కుకు గుడ్డ కట్టుకోకుండా, నీళ్లు చల్లకుండా కోయడం క్షేమమని కాదు. ఏ దుమ్మయినా దుమ్మే. క్లయింటుకు శాంపిల్ ముక్క చూపించే డిజైనర్, దాన్ని కోసిన చోటికి ఒక్కసారైనా వెళ్లిరావాలి.

గట్టు ఎత్తు విషయం మరీ ఆసక్తికరం. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగర గృహసముదాయాల కోసం మార్గరెట్ షూటె లిహోట్స్కీ అనే ఆస్ట్రియా మహిళ ఓ వంటింటిని రూపొందించింది. ఇల్లాలు ఎన్ని అడుగులు వేస్తోంది, ఏ పనికి ఎంతసేపు పడుతోంది అని లెక్కలు చూసి మరీ గీసిన నమూనా అది. సుమారు పదివేల ఇళ్లలో అమర్చారు. నేటి మాడ్యులర్ కిచెన్‌కు అదే అమ్మమ్మ! మన దగ్గర గ్యాస్ స్టవ్ వచ్చి పొయ్యి ముందు కూర్చునే వంట నిలబడి చేసే వంటగా మారినప్పుడు, ఆ మార్పును మోసింది కడప బండ. ఎత్తు మాత్రం మేస్త్రీ ఇష్టం. మోచేతికి నాలుగైదు అంగుళాల కిందుగా గట్టు ఉంటే నడుముకు హాయి. ఎత్తు నిర్ణయించేది వంట చేసే మనిషిని నిలబెట్టి కొలిచాకే. ఇది అడగని డిజైనర్‌కు ఫీజెందుకు?

పసిడికో వెలుగు... పట్టుకో వెలుగు

ప్రొద్దుటూరు దారి పడితే పాఠం మారుతుంది. బంగారం, బట్టల వ్యాపారానికి రెండో ముంబయి అని పేరుబడ్డ ఊరు. పాత పద్ధతి బంగారు దుకాణంలో నేల మీద పరుపు, తెల్లటి దుప్పటి, ఆనుకోవడానికి బాలీసు. తెల్లబట్ట మీద పెడితే నగ పనితనం స్పష్టంగా తెలుస్తుంది. కింద పడ్డ చిన్న ముక్కైనా కనిపిస్తుంది. అది అలంకారం కాదు, పనికొచ్చే డిజైన్! ఇప్పటి అద్దాల షోరూముల్లో ఆ పని బల్బులు చేస్తున్నాయి. బంగారానికి పసుపు ఛాయ వెలుగు, వజ్రానికీ వెండికీ తెల్లటి వెలుగు. అందుకే షాపులో ధగధగలాడిన నగ ఇంటికొచ్చేసరికి కాస్త డీలా పడినట్టుంటుంది. పట్టుచీరనైతే గుమ్మం దగ్గరికి తెచ్చి పగటి వెలుగులో చూడమని అమ్మలు ఎప్పుడో చెప్పారు.

ముగ్గురాయి, రాతినార

పులివెందుల చుట్టుపక్కల భూమిలో ఉన్నవి వేరే సరుకులు. వేముల మండలంలో ముగ్గురాయి దొరుకుతుంది. తెల్లటి రకాన్ని పొడిచేసి రంగుల తయారీలో కలుపుతారు. గోడకేసిన పెయింటులో మన ముగ్గు ఉండొచ్చన్నమాట! ఆ ప్రాంతంలోనే బ్రాహ్మణపల్లె వైపు రాతినార, అంటే ఆస్బెస్టాస్ గనులుండేవి. ఈ గనులకు కొత్త లీజులివ్వడాన్ని కేంద్రం 1986లో ఆపేసింది. రాతినార రకాలన్నీ క్యాన్సర్ కారకాలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పాత ఇల్లు బాగుచేయించేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. పాత సిమెంటు రేకుల్ని సుత్తితో పగలగొట్టడం, రంపంతో కోయడం వద్దు. తడిపి, మాస్కు పెట్టుకుని, ముక్కలు కాకుండా దించాలి. పిల్లల్ని దూరంగా ఉంచాలి.

బోర్డు చూసి మోసపోవద్దు

మరో మాట. 1972 నాటి చట్టం ప్రకారం కౌన్సిల్‌లో నమోదు కానివాళ్లు 'ఆర్కిటెక్ట్' అని రాసుకోకూడదు. 'ఇంటీరియర్ డిజైనర్' అన్న మాటకు అలాంటి కాపలా లేదు. ఫర్నిచర్ షాపు పెట్టినవారూ, నాలుగేళ్లు చదివినవారూ ఒకే బోర్డు తగిలించుకోవచ్చు. చదువుకొచ్చిన పిల్లలకు దీంతోనే చిక్కు. 'గీతకు డబ్బులా? పని మాకివ్వండి, డిజైన్ ఉచితం' అనే కాంట్రాక్టర్లతో పోటీపడాలి. అప్పుడు వాళ్ల చేతిలో ఉండే ఆయుధం కొలతల పుస్తకమే.

కడప అన్న పేరు గడప నుంచే వచ్చిందని చెబుతారు. తిరుమలకు వెళ్లే దారిలో దేవుని గడప. ఆ జిల్లాలో ఇంకా నిలిచి ఉన్న మిద్దెలు పల్లెకు కొన్నయినా ఉంటాయి. మీ అవ్వా తాతల ఇల్లు వాటిలో ఒకటైతే, ఈ సెలవుల్లో టేపొకటి పట్టుకెళ్లండి. గవాక్షి ఎన్ని అంగుళాలో, దీపం గూడు నేలకు ఎంత ఎత్తులో ఉందో రాసుకోండి. ఎవరి ఎత్తుకు సరిపోయేలా ఆ గూడు పెట్టారో అవ్వనే అడగాలి.