ముంతలో ఏం వేస్తున్నారు?

నీరాకు సున్నం, దొరల బీరుకు హాప్స్ పువ్వు. పులుపును ఆపే విద్యలో తేడా ఇదీ

పెద్దాపురం: ఎండలు ముదరకముందే తాడిచెట్లకు ముంతలు ఎక్కుతాయి. పెద్దాపురం చుట్టుపక్కల మెట్ట పొలాల గట్ల మీద నిలబడ్డ తాడిచెట్లు వేసవిలో ఎన్నో ఇళ్ళకు కూడు పెడతాయి. మోకు వేసుకుని, గీత కత్తి నడుముకు కట్టుకుని పొద్దునా సాయంత్రం చెట్టెక్కే గీత కార్మికుడి రాబడి అంతా ఆ ముంతలో పడే చుక్క మీదే ఆధారపడి వుంది. ఆ చుక్క తియ్యగా నిలుస్తుందా, పులిసి కల్లవుతుందా అన్నది తేల్చేది మాత్రం చెట్టు కాదు. ముంత లోపల వేసిన వస్తువు.

చుక్క పడిన క్షణం నుంచీ

పోతుతాడైనా, పెంటితాడైనా గీసేది గెలనే. గెలను కొన్నాళ్ళు మెత్తగా నొక్కి, కొనను పలచగా చెక్కుతూ వుంటే రసం బొట్లుబొట్లుగా దిగుతుంది. అప్పుడే దిగిన రసంలో నూటికి పదీ పన్నెండు పాళ్ళ పంచదార వుంటుంది, మత్తు వుండదు. దీనినే నీరా అంటాం. అయితే గాలిలోనూ, గెల మీదా, పాత ముంత గోడలకూ వుండే ఈస్టు ఆ తీపి కోసం కాచుకుని వుంటుంది. రసం పడిన క్షణం నుంచీ పని మొదలుపెట్టి, పంచదారను సారాంశంగా మారుస్తుంది. రాత్రి కట్టిన ఉత్త ముంతను తెల్లవారి దించితే అందులో వున్నది అప్పటికే కల్లు. ఈస్టు వెనకే పులుపు పుట్టించే బాక్టీరియా చేరుతుంది. మర్నాటికి అది తాగేవాడి ముఖం చిట్లించే పుల్లకల్లు.

పులుపుతో పోరాటం మన గీత కార్మికుడికే పరిమితం కాదు. ఇంగ్లండులో బీరు కాచేవారిదీ ఇదే బాధ.

సముద్రం దాటిన బీరు

మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీతో చేసే బీరులో చేదు కోసం, మన్నిక కోసం హాప్స్ అనే తీగ పువ్వులను వేస్తారు. తాడిచెట్టులో లాగే యీ తీగలోనూ ఆడా మగా వేరు. బీరుకు పనికి వచ్చేవి ఆడ తీగ పువ్వులే. వాటిని మరిగిస్తే దిగే చేదు, పులుపు పుట్టించే బాక్టీరియాను చాలావరకు అణచివేస్తుంది. ఈస్టును మాత్రం ఆపదు. అంటే మత్తు పుట్టనిచ్చి, పులుపును అడ్డుకుంటుందన్నమాట. 18వ శతాబ్దం చివర లండన్ దగ్గర బో అనే చోట జార్జి హాడ్జ్‌సన్ బట్టీ నుంచి, ఆ తరువాత 1820లలో బర్టన్ పట్టణం నుంచి, హాప్స్ దండిగా వేసిన బీరు ఓడలకెక్కి నెలల తరబడి ప్రయాణం చేసి మన దేశపు రేవులకు చేరేది. అక్కడి దొరలూ, సిపాయి దళాల అధికారులూ తాగిన ఆ బీరుకే తరువాత ‘ఇండియా పేల్ ఏల్’ అనే పేరు స్థిరపడింది. మన దేశం పేరు పెట్టుకున్న ఆ బీరులో మన దేశపు వస్తువు ఏదీ లేదు!

ఇవాళ ఆ బీరు కాచేవారు చేదు ఒక్కటే చూడరు, వాసన కూడా చూస్తారు. 1972లో అమెరికాలో విడుదలైన ‘కాస్కేడ్’ అనే హాప్స్ రకం వాసన మన పంపరపనసకు దగ్గర చుట్టమైన గ్రేప్‌ఫ్రూట్‌ను గుర్తుచేస్తుంది. తరువాత వచ్చిన ‘సిట్రా’ రకంలో నిమ్మజాతి వాసన మరీ ఘాటు. చేదు కావాలంటే హాప్స్‌ను ముందే వేసి గంటసేపు మరిగిస్తారు. వాసన కావాలంటే దించబోయే ముందు, లేదా చల్లారాక వేస్తారు. చారు దించాక కొత్తిమీర వేయడం తెలిసిన మన ఇల్లాళ్ళకు యీ కిటుకు విడమరచి చెప్పనక్కర్లేదు. అమెరికాలో 1978 నాటి చట్టం సొంత వాడకానికి ఇంట్లో బీరు కాచుకోవడానికి దారి తెరిచింది. మన రాష్ట్రంలో లైసెన్సు లేకుండా మత్తు పానీయం తయారుచేయడం నేరం. పైగా చలీ, పొడవైన వేసవి పగళ్ళూ కోరే హాప్స్ తీగకు గోదావరి గాలి సరిపడదు.

బెరడు కొందరిది, సున్నం మనది

హాప్స్ లేనిచోట జనం తమ చెట్లనే ఆశ్రయించారు. సింహళంలో కొబ్బరి గీసేవారు ‘హాల్’ అనే చెట్టు బెరడు ముక్కలను ముంతలో వేసి పులియడాన్ని మందగింపజేస్తారు. నైజీరియాలో కూడా తాటిజాతి చెట్ల కల్లులో ఒక అడవి చెట్టు బెరడు వేసే అలవాటు వుంది. దానివల్ల కల్లుకు చేదూ, మన్నికా వస్తాయి.

మన గీత కార్మికుడి చేతిలో వున్నది సున్నం. ముంత లోపల సున్నం పూసి కడితే రసం క్షారగుణం పొందుతుంది. అందులో ఈస్టూ బతకలేదు, పులుపు పుట్టించే బాక్టీరియా కూడా తల ఎత్తలేదు. తీపి తీపిగానే నిలుస్తుంది. హాప్స్‌కూ సున్నానికీ తేడా ఇక్కడే. అది పులుపును ఒక్కదాన్నే ఆపితే, ఇది పులుపునూ మత్తునూ కలిపి ఆపుతుంది.

అయితే సున్నానికి సువాసన లేదు. తక్కువైతే తెల్లవారేసరికి ముంత నురగలు కక్కుతుంది. ఎక్కువైతే నాలుక పొక్కినట్లు వుంటుంది. కాచిన బెల్లం రంగూ రుచీ చెడిపోతాయి. ఎంత పూయాలన్నది పుస్తకంలో దొరికే లెక్క కాదు. ఎండ తీవ్రతను బట్టి, చెట్టు ఇచ్చే రసాన్ని బట్టి పూటపూటకూ చెయ్యి సర్దుకోవాలి. గీత విద్యలో చెట్టెక్కడం సగమైతే, మిగిలిన సగం యీ సున్నపు చెయ్యి.

పసుపు చెప్పే సాక్ష్యం

కొనేవారు దీన్ని ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడి పారాణి అవుతుందని అందరికీ తెలిసిందే. పసుపునీటిలో తడిపి ఆరబెట్టిన తెల్ల కాగితం మీద నీరా చుక్క వేసి చూడండి. బాగా ఎర్రబడితే సున్నం మోతాదు ఎక్కువగా వున్నట్లు. రంగు మారకపోగా గ్లాసులో బుడగలు పైకి వస్తూ, పుల్లని వాసన తగిలితే అది నీరా కాదు, కల్లు. సున్నం నీరాను కాసేపు కదపకుండా వుంచి, అడుగున తేరిన మడ్డి వదిలేసి, పలుచని బట్టతో వడకట్టుకోవాలి. తాగే ముందు నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే మిగిలిన సున్నపు రుచి కొంత విరుగుతుంది. దొరలు హాప్స్‌లో వెతుక్కునే నిమ్మ వాసన మనకు పెరట్లోనే దొరుకుతుంది. కాకపోతే పిండిన వెంటనే తాగాలి; నిలవ పెట్టకూడదు.

ముంతలో మందు పడితే

ముంతలో ఏం వేశారన్న ప్రశ్న రుచితో ఆగదు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. నిద్రమాత్రల జాతికి చెందిన అల్ప్రాజోలం అనే మందు అందులో బయటపడింది. చెట్టు కల్లు చాలనిచోట నీళ్ళూ మందులూ కలిపి మత్తు అమ్ముకునేవారు వేరు. ప్రాణాలకు తెగించి చెట్టెక్కేవారు వేరు. ఒకరు చేసిన పాపానికి రెండోవారి ముంతను కూడా జనం అనుమానంగా చూస్తున్నారు. ముంతలో సున్నం తప్ప మరొకటి లేదని రుజువు చేసుకోగలగడం ఇవాళ గీత కార్మికుడికి అన్నం మీద ప్రశ్న.

దారి లేకపోలేదు. కాసరగోడులోని కేంద్ర తోట పంటల పరిశోధనా సంస్థ కొబ్బరి నీరాను సున్నం లేకుండానే పట్టే ఐసు పెట్టెను రూపొందించింది. గెల దగ్గరే చల్లబడిన రసంలో ఈస్టు దాదాపు నిద్రపోతుంది. మన వైపు రంపచోడవరం దగ్గరి పందిరిమామిడి ఉద్యాన పరిశోధన స్థానం తాటి మీదనే పనిచేస్తోంది. అక్కడి అనుభవాన్ని పెద్దాపురం, సామర్లకోట, జగ్గంపేట గ్రామాల గీత కార్మికుల సహకార సంఘాల ముంగిటికి తేవాలి. చల్లపెట్టెలూ, శుభ్రమైన పాత్రలూ, రోజూ పరీక్షించి అమ్మే కేంద్రమూ వుంటే, మత్తు లేని నీరాకు వేసవి పొడవునా గిరాకీకి లోటు వుండదు.

గీయడానికి పనికివచ్చే తాడి ఎదగాలంటే పదేళ్ళకు పైగా పడుతుంది. గట్టు చదును చేయడానికీ, ఇళ్ళ స్థలాలకూ దాన్ని ఒక్క పూటలో కొట్టేస్తున్నారు. ముంతకు మార్కెట్టు వుంటేనే చెట్టుకు ఆయుష్షు. సంబంధిత అధికారులు వచ్చే వేసవి రాకముందే యీ విషయం ఆలోచించాలి.