తొలినాటి విద్యుత్ ట్రామ్ నిర్మాణం: మోటారు అమరిక – విద్యుత్ సరఫరా

ఉపోద్ఘాతం

విద్యుత్ ట్రామ్ చరిత్రను మోటారు ఆవిష్కరణ చరిత్రగా పరిగణించడం పరిపాటి. అయితే 1880 నాటికే పనిచేయగల మోటార్లు అందుబాటులో ఉన్నాయి. కదిలే బండి కింద మోటారును ఎలా నిలపాలి, రద్దీ వీధిలో దానికి విద్యుత్తును ఎలా అందించాలి అనేవే అప్పటికి తేలని సమస్యలు. ఈ రెండింటి పరిష్కారక్రమాన్ని వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

విద్యుత్ సరఫరా

1881లో బెర్లిన్ సమీపంలోని లిష్టర్‌ఫెల్డెలో సీమెన్స్ సంస్థ నడిపిన ట్రామ్‌కు పట్టాలే విద్యుత్ వాహకాలు. ఒక పట్టా ద్వారా వచ్చిన ప్రవాహం రెండవ పట్టా ద్వారా తిరిగి వెళ్ళేది. రెండు పట్టాలనూ ఒకేసారి తొక్కిన గుర్రాలకు విద్యుదాఘాతం తగిలేది. అందువల్ల నగర వీధులకు ఈ పద్ధతి పనికిరాలేదు. ప్రవాహాన్ని తలపై తీగ ద్వారా తెచ్చి, పట్టాల ద్వారా తిప్పి పంపే పద్ధతి క్రమంగా స్థిరపడింది. బండి పైకప్పు మీద నిలిపిన కడ్డీ చివరి చిన్న చక్రాన్ని స్ప్రింగు బలం తీగకు అడుగు నుంచి ఒత్తిపట్టి ఉంచేది.

మోటారు అమరిక

బండి పెట్టె స్ప్రింగుల మీద ఊగుతుంది. ఇరుసు మాత్రం పట్టాలను అంటిపెట్టుకొని కదులుతుంది. మోటారును పెట్టెకు బిగిస్తే, ప్రతి కుదుపులోను మోటారు పళ్ళచక్రానికీ ఇరుసు పళ్ళచక్రానికీ మధ్య దూరం మారి పళ్ళు విరుగుతాయి. పూర్తిగా ఇరుసుకే బిగిస్తే, మోటారు బరువంతా ప్రతి అతుకు వద్దా పట్టాను మోదుతుంది. అమెరికన్ ఇంజనీరు ఫ్రాంక్ స్ప్రేగ్ మధ్యేమార్గాన్ని అనుసరించాడు. మోటారు ఒక అంచును బేరింగులతో ఇరుసుపై నిలిపి, రెండవ అంచును చట్రానికి స్ప్రింగుతో వేలాడదీశాడు. మోటారు ఇరుసు చుట్టూనే ఊగుతుంది కనుక పళ్ళచక్రాల మధ్య దూరం మారదు. బరువులో కొంత భాగాన్ని స్ప్రింగు మోస్తుంది.

రిచ్‌మండ్ పరీక్ష

1887లో వర్జీనియా రాష్ట్రంలోని రిచ్‌మండ్ నగరానికి 12 మైళ్ళ మార్గాన్ని, 40 బండ్లను, 80 మోటార్లను 90 రోజులలో సమకూర్చడానికి స్ప్రేగ్ సంస్థ అంగీకరించింది. మార్గంలో నూటికి పది అడుగులు లేచే ఎత్తులు కూడా ఉన్నాయి. 1888 ఫిబ్రవరి 2న క్రమబద్ధమైన సేవ ప్రారంభమైంది. పళ్ళచక్రాలు దెబ్బతిన్నాయి, మోటారులోని లోహపు బ్రష్షులు త్వరగా అరిగిపోయాయి. ఆ తరువాత వచ్చిన కర్బన బ్రష్షులు ఈ లోపాన్ని సరిదిద్దాయి. ఒప్పందం సంస్థకు నష్టమే మిగిల్చింది. అయినా, కేబుల్ ట్రామ్ వైపు మొగ్గుచూపుతున్న బోస్టన్ ట్రామ్ సంస్థ అధిపతి హెన్రీ విట్నీ ఎదుట 22 బండ్లు ఒకే చోటి నుంచి వరుసగా బయలుదేరి నడవడంతో, ఆ నగరం విద్యుత్ వైపు మళ్ళింది.

ముగింపు

సరఫరా సమస్యకు స్థానిక పరిస్థితులు కూడా సమాధానాన్ని నిర్ణయించాయి. నాటి తెలుగు జిల్లాలకు కూడా రాజధాని అయిన మద్రాసులో 1895లో ట్రామ్‌లు భూగర్భ కాలువలోని వాహకాలతో మొదలయ్యాయి. వర్షాకాలపు నీటి తాకిడికి ఆ పద్ధతి నిలవక, తలపై తీగకు మారవలసి వచ్చింది. మోటారు అమరిక మాత్రం దేశకాలాలను దాటి నిలిచింది. నేటికీ అనేక సరకు రవాణా రైలింజన్లలో మోటార్లు ఇరుసుపై ఒక అంచు, చట్రానికి మరొక అంచుగానే వేలాడుతున్నాయి. విద్యుత్ ట్రామ్‌ను ఆచరణసాధ్యం చేసినది మోటారు ఒక్కటే కాదు, దాన్ని నిలిపిన తీరు కూడా అని దీన్నిబట్టి స్పష్టమవుతుంది.