నీళ్లలో ఊరుంది... ఊళ్లో చేపలున్నాయి!

కనుచూపు మేరా నీళ్లే. ఎక్కడ చూసినా ఒకేలా ఉంటుంది. అయినా తెల్లవారుజామున బయలుదేరిన పుట్టి ఎటూ తడబడకుండా నేరుగా ఒక చోటికి వెళ్లి ఆగుతుంది. వల అక్కడే ఎందుకు వేయాలో, పక్కన వంద గజాల దూరంలో ఎందుకు వేయకూడదో చూసేవాళ్లకు అర్థం కాదు. శ్రీశైలం జలాశయం మీద బతికే మత్స్యకారుడికి మాత్రం అది లెక్క. పైనున్న నీటిని కాదు, కిందున్న నేలను చూస్తూ వేసే లెక్క!

నిండుగా ఉన్నప్పుడు శ్రీశైలం జలాశయం విస్తీర్ణం 615 చదరపు కిలోమీటర్లు. అంత నీటిలోనూ చేపలు సమానంగా పరుచుకుని ఉంటాయనుకుంటే పొరపాటే. చాలా భాగం చేపకు సంబంధించినంతవరకూ ఎడారి కిందే లెక్క. ఆనకట్ట దగ్గర్నుంచి నల్లమల కొండల మధ్య వెనక్కి సాగే భాగమంతా ఇరుకు, లోతు. ఒడ్డు నిటారుగా ఉంటుంది. సూర్యరశ్మి నీటిలోకి కొంతవరకే దిగుతుంది. చేపకు తిండి అయ్యే సూక్ష్మజీవులు, నాచు పెరిగేది ఆ వెలుగు అందే మేరకే. అడుగున చీకట్లో తిండీ తక్కువే, ప్రాణవాయువూ తక్కువే. అందుకే చూడ్డానికి గంభీరంగా ఉండే ఆ లోతు నీటికన్నా కొండలు దాటాక మైదానాల మీద పలచగా పరుచుకున్న పైభాగమే వేటకు అనువు. కొల్లాపూర్, ఆత్మకూరు, అలంపూర్ వైపు విస్తరించిన నీళ్లన్నమాట.

ఆ మైదానం ఒకప్పుడు ఊళ్లు. 1963 జులైలో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఈ ప్రాజెక్టులో నీళ్లు నిలబెట్టే నాటికి, అంటే 1981 ప్రాంతంలో, వందకు పైగా గ్రామాలు ఖాళీ అయ్యాయి. ఇళ్లు, పొలాలు, బావులు, రాళ్ల కట్టలు, బండ్ల బాటలు నీటి కిందకి వెళ్లిపోయాయి. మనుషులకు పనికిరాకుండా పోయిన ఆ ఊళ్లే చేపలకు ఊళ్లయ్యాయి. చదును నేల మీద చేప నిలవదు. దానికి ఒక చాటు కావాలి, ఒక అంచు కావాలి. కూలిన గోడ, మునిగిన చెట్టు మోడు, పాత వాగు గట్టు... వీటికి నాచు పడుతుంది. నాచు కోసం చిన్న చేపలు వస్తాయి. వాటి కోసం పెద్దవి కాపు కాస్తాయి. 1981కి ముందు ఆ నేల మీద నడిచినవాళ్లకు ఏ పొలం గట్టు ఎక్కడుందో, ఏ వాగు ఎటు తిరిగిందో తెలుసు. ముంపు తర్వాత వల పట్టినవాళ్లకు ఆ జ్ఞాపకమే పెట్టుబడి. అప్పుడు ఇరవై ఏళ్ల కుర్రాళ్లుగా ఉన్నవాళ్లకు ఇప్పుడు అరవై దాటాయి. తర్వాతి తరం ఆ నేలను చూసింది తక్కువ. వాళ్లకది పెద్దల నోట విన్న పటం!

అయితే చోటు తెలిస్తే సరిపోదు. మోళ్లున్న చోట చేప ఉంటుంది నిజమే, వల కూడా అక్కడే చిక్కుకుని చిరుగుతుంది. వేలు పోసి కొన్న వల ఒక్క రాత్రిలో ముక్కలైతే ఆ నష్టాన్ని పూడ్చడానికి ఎన్ని రోజులు పడుతుందో! అందుకే మోళ్ల మధ్యలో కాకుండా వాటి అంచు వెంబడి వల కట్టడం అనుభవజ్ఞుల పద్ధతి. చేప మేతకు బయటికి వచ్చే దారిలో అన్నమాట.

కాలాన్ని బట్టి మారే చిరునామా

చేపది స్థిర నివాసం కాదు. తొలి వరదతో ఎర్రనీరు రాగానే బొచ్చె, శీలావతి లాంటివి ప్రవాహానికి ఎదురీదడం మొదలుపెడతాయి. నిలకడ నీటిలో అవి గుడ్లు పెట్టవు. పారే నీరు కావాలి. వాగులు కలిసే మూతుల దగ్గర, కొత్తగా మునిగిన గడ్డి నేలల మీద అప్పుడు సందడి. కానీ అది పట్టుకోవాల్సిన సమయం కాదు, పిల్లల్ని పెట్టనివ్వాల్సిన సమయం.

జలాశయం నిండాక చేపలు చెదిరిపోతాయి. ఎంత నీరుంటే అంత దూరం. అప్పుడు పనికొచ్చేది గాలి. ఒకే దిక్కు నుంచి రెండు మూడు రోజులు గాలి వీస్తే నీటి పైన తేలే సూక్ష్మజీవులన్నీ ఎదుటి ఒడ్డుకు చేరతాయి. వాటి వెనకే చేపలు. పడమటి గాలి ఆగకుండా వీస్తే తూర్పు ఒడ్డున వల వేయాలన్నమాట. ఈ రోజుల్లో సులువుగా కనిపించే ఇంకో గుర్తు పక్షులు. నీటికాకులు ఒకచోట పదేపదే మునుగుతున్నాయంటే కింద చిన్న చేపల గుంపు ఉన్నట్టు. ఆ గుంపు పైకి వచ్చిందంటే కింద నుంచి ఏ వాలుగో తరుముతూ ఉండొచ్చు.

నీటి మీద వరసగా బుడగలు లేస్తుంటే అడుగున బురద కెలికే చేప మేస్తోందని అర్థం. ఇక కొరమేను సంగతి మరీ విచిత్రం. ఒడ్డున కలుపు మొక్కల మధ్య ఎర్రగా, ముద్దలా కదులుతూ ఏదో తేలుతుంటుంది. అవి దాని పిల్లలు. తల్లీతండ్రీ వాటి కిందే కాపలా ఉంటాయి. గాలం వేస్తే దొరకడం ఖాయం. కానీ కాపలా పోయిన ఆ పిల్లల్లో మిగిలేవెన్ని? అందుకే ఆ ముద్ద కనిపిస్తే పక్కకు తప్పుకోవడమే వేటగాడికీ మేలు.

ఎండాకాలం వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. సాగుకీ, తాగునీటికీ, కరెంటుకీ నీరు వదిలేకొద్దీ మట్టం దిగుతుంది. పూర్తి మట్టం 885 అడుగులు. 840కి అటూ ఇటూ దిగేసరికి సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. కృష్ణ, తుంగభద్ర, భవనాశి నీళ్లు కలిసే ఈ చోట ఏటా కొన్ని నెలలే దర్శనమిచ్చే వేపదారు శివలింగం కోసం భక్తులు వస్తారు. మత్స్యకారుడు మాత్రం గుడి శిఖరాన్ని మట్టం కొలబద్దలా చూస్తాడు. మైదానం ఆరిపోయేకొద్దీ చేపలన్నీ పాత నదీ మార్గంలోకి సర్దుకుంటాయి. తక్కువ చోట ఎక్కువ చేప! ఏడాదిలో వలలు బరువెక్కేది అప్పుడే.

ఏ చేప ఏ అంతస్తులో ఉంటుందో కూడా తెలియాలి. బొచ్చె పైపైన మేస్తుంది, శీలావతి నడిమి నీటిలో, మోసు అడుగున. కాబట్టి ఒకే చోట వేసినా బెండ్లు, గుండ్లు మార్చి వలను పైకో కిందికో నిలపాలి. వెన్నెల రాత్రులు వేటకు అంత కలిసిరావు. తేట నీటిలో చేపకు వల కనిపిస్తుంది. అమావాస్య దగ్గరి చీకటి రాత్రులే మేలు.

కొండ, చెట్టు, ఫోను

నీటి మధ్యలో నిన్నటి చోటుకే మళ్లీ ఎలా వెళ్తారు? దూరంగా ఉన్న కొండ కొన మీదకు దగ్గరలోని చెట్టునో, గుడినో వరసలో తెచ్చుకుంటారు. రెండో వైపూ అలాగే. ఆ రెండు గీతలు కలిసే చోటే చిరునామా. సముద్రం మీద ఒడ్డున ఉన్న కొండల్నీ తాడిచెట్లనీ గుర్తుపెట్టుకుని వేటాడే విశాఖ, శ్రీకాకుళం తీరాల మత్స్యకారులకు ఇది పుట్టుకతో వచ్చిన విద్య. అక్కడి నుంచి వలస వచ్చి ఈ జలాశయం ఒడ్డున గుడిసెలు వేసుకున్నవాళ్లకు అది ఇక్కడా అక్కరకొచ్చింది. ఇప్పుడు చేతిలో ఫోను ఉంటే ఆ చోటును నొక్కి దాచుకోవచ్చు. నీటిలోకి ధ్వని తరంగాలు పంపి, అవి అడుగును తాకి తిరిగొచ్చే సమయాన్ని బట్టి లోతునీ, మధ్యలో చేపల గుంపునీ తెర మీద చూపే యంత్రాలూ వచ్చాయి. లోతు చెప్పడంలో వాటికి సాటి లేదు. అయితే గుంపు ఇక్కడ ఆగుతుందా, దాటిపోతోందా అన్నది యంత్రం చెప్పదు.

ఇంత విద్యకూ ఒక చీకటి కోణం ఉంది. అలివి వల! దోమతెర లాంటి సన్నని కన్నుతో, వందల మీటర్ల పొడవున ఉండే ఈ వలను చుట్టూ తిప్పి రెండు కొసలూ పట్టి ఒడ్డుకు లాగుతారు. అందులో పడితే వేలెడంత పిల్ల కూడా బయటపడదు. దాన్ని లాగడానికి అనువైన చోటు మోళ్లు లేని, లోతు తక్కువ, వాలు నేల. పిల్లచేపలు పెరిగేదీ సరిగ్గా అక్కడే. అంటే చేప ఎక్కడుంటుందో తెలిసిన జ్ఞానమే దాని గూడును ఊడ్చేయడానికీ పనికొస్తోంది. పట్టిన చిన్న చేపల్ని ఒడ్డున ఇసుకలోనే ఎండబెట్టి బస్తాలకెత్తుతారు. కిలోల బరువు తూగాల్సిన బొచ్చె పిల్ల ఆ బస్తాలో గ్రాముల్లోకి వస్తుంది. ఈ వలలపై నిషేధం ఉంది. దాడులు జరుగుతాయి, దొరికినవాటిని తగలబెడతారు, కొన్నాళ్లకు మళ్లీ కొత్తవి దిగుతాయి. 2014 తర్వాత జలాశయానికి ఒక ఒడ్డు ఆంధ్రప్రదేశ్‌ది, మరో ఒడ్డు తెలంగాణది. నీటి మీద గీత ఉండదు కాబట్టి ఒకవైపు తరిమితే రెండో వైపుకి పడవ తిప్పడం ఎంతసేపు! తెలంగాణ ప్రభుత్వం 2016 నుంచి చెరువుల్లో, జలాశయాల్లో ఉచితంగా చేపపిల్లల్ని వదిలే పథకం మొదలుపెట్టింది. వదిలిన పిల్ల అలివికి చిక్కకుండా పెరిగితేనే మామూలు కన్ను వల వేసేవాడికి దక్కేది.

మరోవైపు కింద పటం కూడా చెరిగిపోతోంది. ప్రాజెక్టు కట్టినప్పుడు 308 టీఎంసీలుగా ఉన్న నిల్వ సామర్థ్యం తర్వాతి సర్వేల్లో 215 టీఎంసీలకు పడిపోయింది. ఆ తేడా అంతా ఒండ్రు. మునిగిన గోడలూ, వాగు గట్లూ, మోళ్లూ కొద్దికొద్దిగా ఆ ఒండ్రు కింద పూడుతున్నాయి. పెద్దలు చెప్పిన చోట వల వేస్తే చదును బురద తగలడం అందుకే. దాంతో వేసవిలో నీరు దిగినప్పుడు కొత్తగా తేలిన నేలను చూసుకోవడం వేటలో భాగమైపోయింది. ఎక్కడ మోడు మిగిలింది, ఏ వాగు కొత్తగా కోసుకుంది, ఏ గుంట పూడింది అని చూసి, ఎదుటి కొండతో వరస కలుపుకుంటారు. అదే నేల మీద రైతులు ఆ కొద్ది నెలలకూ పంట వేస్తారు. కోశాక మిగిలిన మొదళ్లు నీటిలో కుళ్లి చేపకు మేతవుతాయి కాబట్టి ఆ మడుల్నీ గుర్తుపెట్టుకుంటారు. ఎగువ నుంచి ఎర్రనీరు వచ్చేదాకానే ఈ అవకాశం. జలాశయం నిండిందంటే గుడి పునాది దగ్గర నిలబడి చూసిన నేలంతా మళ్లీ నలభై అయిదు అడుగుల లోతున!