మీకు తెలుసా?

హైటెక్ సిటీ హోటళ్లకు కొద్ది కిలోమీటర్ల దూరంలో, షేక్‌పేటలో, కుతుబ్‌షాహీల కాలం నాటి అతిథిగృహం ఇంకా నిలిచే ఉంది. పేరు షేక్‌పేట సరాయి. గోల్కొండకు వచ్చిపోయే వ్యాపారులు, బాటసారులు ఇక్కడే బస చేసేవారు.

రెండంతస్తుల రాతి కట్టడం. సున్నంతో కట్టిన గోడలు, కమాను ద్వారాల వెనక వరుసగా సుమారు 30 గదులు. మనుషులతో పాటు వాళ్ల గుర్రాలకు, ఒంటెలకు కూడా శాలలుండేవి. నమాజుకు పక్కనే మసీదు. దూరప్రయాణంలో అలసిపోయిన మనిషికి ఏమేం కావాలో ఎంత శ్రద్ధగా ఆలోచించారో చూడండి!

ఇక ఆ వ్యాపారం సంగతికొస్తే, సముద్రతీరంలో లేని గోల్కొండ నగరానికి రేవు మచిలీపట్నం. బండ్ల మీద అక్కడికి చేరిన కలంకారీ వస్త్రాలు ఓడలెక్కి పర్షియా దాకా వెళ్లేవి. డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో ఆ రేవులో దిగారు. ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే గోల్కొండ నుంచి మచిలీపట్నం వెళ్లే దారిలోని మజిలీలను తన యాత్రాగ్రంథంలో ఒక్కొక్కటిగా నమోదు చేశాడు.

ఆ రేవు పట్టణం ఘోరమైన దెబ్బ తిన్నది 1864లో. నవంబరు 1 రాత్రి తుపానుతో వచ్చిన ఉప్పెన ఊరిని ముంచెత్తింది. ఆ తీరంలో సుమారు 30 వేల మంది చనిపోయారు. షేక్‌పేట సరాయిని మాత్రం నేటికీ వెళ్లి చూడొచ్చు. గచ్చిబౌలి వైపు వెళ్లే పాత ముంబయి రోడ్డు ఈ ప్రాంతం మీదుగానే పోతుంది.