రాతిపువ్వుపై అద్దెకాపురము

మీర్‌పేట్ పరిసరములందలి రాతిగుండ్లపై బూడిదవన్నె మచ్చలను చూడనివారుండరు. అవి మరకలు కావు, లైకెనులు. శిలీంధ్రమును, నాచును కలిసి చేయు కాపురములు. మన మసాలా డబ్బాలోని రాతిపువ్వు కూడ అట్టిదే. లైకెనుకు పెట్టిన పేరు అందలి శిలీంధ్రమునకే చెందునని శాస్త్రజ్ఞుల నియమము.

చిక్కంతయు ఇచటనే కలదు. రాతిపువ్వు వంశపు లైకెనులపై నల్లని చుక్కలుగా పొడమెడి వేరొక శిలీంధ్రము కలదు. దానికి తనదను నాచు లేదు. లైకెనుపైననే దాని బ్రదుకు. తొలుత దీనిని లెసిడియా అను లైకెను ప్రజాతిలో చేర్చిరి. అనగా అద్దెకున్నవానిని ఇంటి యజమానిగా వ్రాసికొనిరి! 1845లో ఇటలీ శాస్త్రజ్ఞుడు డి నోటారిస్ అబ్రోథాల్లస్ అను ప్రజాతిని నెలకొల్పెను.

అంతటితో తగవు తీరలేదు. ఈ ప్రజాతివారు సంయోగము లేకయే సిద్ధబీజములను పుట్టించు దశ యొకటి కలదు. రూపము వేరగుటచే దానికి వూవోక్సియోమైసెస్ అని మరియొక పేరు పెట్టిరి. ఒక ప్రాణికి రెండు పేర్లు! చూచువానికి ఏ దశ చిక్కినదో ఆ పేరే వ్రాయుట నాకు వింతగనే తోచును. 2011లో మెల్బోర్న్ మహాసభ ఒక శిలీంధ్రమునకు ఒకే పేరని తీర్మానించెను. అబ్రోథాల్లస్ అను పాత పేరే నిలిచినది.

ఇంటిలోని రాతిపువ్వును భూతద్దముతో పరీక్షింపదలచువారికి ఒక్క మాట: అందు కనబడు నల్లచుక్కలన్నియు ఈ అద్దెదారువి కావు, కొన్ని లైకెను సొంత బీజకోశములే.