నమ్మదగిన తూటా ఏది?

నిజామాబాదు నుండి హైదరాబాదు పోవు దారిలో డిచ్‌పల్లి ఉన్నది. రాతిగుట్టమీద రామాలయము, ఆ గ్రామ పరిసరములలోనే తెలంగాణ విశ్వవిద్యాలయము, తెలంగాణ ప్రత్యేక పోలీసు ఏడవ పటాలము. అక్కడినుండి పడమరగా బోధను వరకు వరి, మొక్కజొన్న, చెరకు పండు నేల. 1937లో స్థాపింపబడిన నిజాం చక్కెర కర్మాగారము 2015లో మూతపడిన తరువాత చెరకు సాగు తగ్గినది గాని, పంటమీద పడు అడవిపందుల బెడద తగ్గలేదు.

ఈ ప్రాంతమున రైఫిలు తూటాను గూర్చి ఆలోచింపవలసిన వారు రెండు తరగతులవారు. ఒకరు పోలీసులు. రెండవవారు పంటను గాని, మనుష్యుల ప్రాణమును గాని కాపాడుటకై అటవీశాఖ అనుమతి పొంది జంతువును కాల్చువారు. వినోదమునకు వేటాడుటను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము నేడు నిషేధించుచున్నది. పులివేటలో పేరు పడిన ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ (పాలన 1869–1911) కాలము వేరు. నిజాముల వేటభూమియైన పోచారము అడవి నేడు అభయారణ్యము. అయినను అనుమతితో కాల్చువానికి వేటగానికుండు బాధ్యత యంతయు ఉన్నది. అంతకంటె ఎక్కువయే ఉన్నది. ఏలయన రాత్రివేళ చెరకుతోటకు ఆవల నీరు కట్టుచున్న రైతు ఉండవచ్చును. గురి తప్పిన గుండు పందివద్ద ఆగదు. పాత 303 రైఫిలు గుండు, గొట్టమును తగినంత ఎత్తి కాల్చినచో, సుమారు 3 కిలోమీటర్లు పోగలదు. పైగా ఇది రాతిగుట్టల దేశము. ఏటవాలుగా రాతిని తాకిన గుండు ఏ దిక్కునకు మళ్లునో చెప్పుట ఎవరి తరమును కాదు.

తూటా అనగా గుండు మాత్రమే యని పలువురు అనుకొందురు. ఇత్తడి కోశము, దాని అడుగున ప్రైమరు, లోపల మందు, మూతివద్ద గుండు, ఈ నాలుగును కలిసినదే తూటా. రైఫిలులోని సూది ప్రైమరును కొట్టగానే అందలి రసాయనము మండి మందునకు నిప్పంటించును. మందు అతివేగముగా మండి వాయువుగా మారును. ఆ పీడనమునకు ఇత్తడి కోశము ఉబ్బి రైఫిలు గదిగోడలకు అంటుకొని వాయువు వెనుకకు రాకుండ బిరడావలె పనిచేయును. పీడనము తగ్గగానే కొంచెము ముడుచుకొని సులభముగా బయటికి వచ్చును. ఇత్తడిని ఎన్నుకొనుటకు కారణము దాని ఈ స్థితిస్థాపకతయే.

గొట్టము లోపల మరచుట్టువలె గాడులు చెక్కబడి యుండును. గుండు వానిని ఒరసికొనుచు పోవుటచే గిరగిర తిరుగును. లీ-ఎన్‌ఫీల్డు 303 రైఫిలులో గాడి 10 అంగుళములకు, అనగా 25.4 సెంటీమీటర్లకు, ఒక చుట్టు తిరుగును. గుండు వేగము సెకనుకు 744 మీటర్లు. 744ను 0.254 చేత భాగించినచో సెకనుకు సుమారు 2,900 చుట్లు వచ్చును! తిరుగుచున్న బొంగరము పడిపోనట్లే ఈ గుండును తలక్రిందులు కాక ముక్కు ముందుగా పోవును. పొడవైన గుండునకు మరింత వడిగా తిరుగుట అవసరము. కావున ఒక రైఫిలులో చక్కగా పోవు గుండు మరియొక దానిలో తడబడవచ్చును. "అన్నిటికంటె మంచి తూటా ఏది?" అను ప్రశ్నకు రైఫిలు పేరు చెప్పక సమాధానము లేదు.

ఆ గుండు ద్రవ్యరాశి 11.3 గ్రాములు. గతిశక్తి సూత్రముచే లెక్కించిన సుమారు 3,100 జౌళ్లు. 50 కిలోల చక్కెర బస్తాను 6 మీటర్ల ఎత్తుకు లేపుటకు ఇంచుమించు అంతే శక్తి కావలెను. చిటికెన వ్రేలంత లేని వస్తువులో ఇంత శక్తి యున్నప్పుడు అది ఎచ్చట దిగునో ముందుగా తెలియుట ఎంత ముఖ్యమో వేరుగ చెప్పనక్కరలేదు.

ఇప్పుడు గురి సంగతి. గొట్టము వీడిన క్షణమునుండియే గుండు క్రిందికి పడుచుండును. గాలి లేదనుకొందము. 300 మీటర్లు పోవుటకు పట్టు కాలము 0.403 సెకను, ఆ కాలములో పడు దూరము సుమారు 80 సెంటీమీటర్లు. రైఫిలుపైనున్న గురిపట్టీని ఎత్తుట ఈ పతనమును సరిచేయుటకే. మరి రెండవ తూటాలో మందు కొంచెము తక్కువై వేగము 724 మీటర్లే ఉన్నదనుకొనుడు. పతనము 84 సెంటీమీటర్లగును. మనిషి చేయి వణకలేదు, కన్ను తప్పలేదు; అయినను 4 సెంటీమీటర్లు తేడా వచ్చినది. నిజముగా గాలియున్నది గనుక పతనమును, తేడాయు ఇంకను పెరుగును. 100 మీటర్లవద్ద ఈ తేడా అర సెంటీమీటరే. మంచి తూటాకు మొదటి లక్షణము మిక్కిలి వేగము కాదు, ఒకే వేగము. ఈ మాట అంగడిలో ఎవరును చెప్పరు. డబ్బాపైన వేగమునే పెద్ద అక్షరములతో అచ్చువేయుదురు.

ఎండ కూడ ఈ లెక్కలో చేరును. మందు వేడెక్కినకొలది త్వరగా మండును, పీడనము పెరుగును. పెరుగుదల మందు జాతిని బట్టి మారును. డిగ్రీకి సెకనుకు ఒక మీటరు చొప్పున వేగము హెచ్చునని ఉదాహరణకు తీసికొందము. పుష్యమాసపు ఉదయమున 15 డిగ్రీలవద్ద సరిచూచుకొన్న రైఫిలును రోహిణికార్తెలో 45 డిగ్రీలవద్ద కాల్చినచో వేగము 30 మీటర్లు పెరిగి 300 మీటర్లవద్ద గుండు సుమారు 6 సెంటీమీటర్లు పైగా తగులును. ఎండలో నిలిపిన జీపులో తూటాల పెట్టె నుంచుట ఇంకను చెడ్డది. లోపలి వేడి బయటి గాలికంటె చాల హెచ్చుగా ఉండును.

సరే, రెండు లాటులలో ఏది మంచిదో తేల్చుట ఎట్లు? మొదటి లాటునుండి 100 మీటర్లవద్ద పది తూటాలు కాల్చగా అన్నియు 5 సెంటీమీటర్ల వృత్తములో పడినవి, కాని ఆ వృత్తము గురికి 12 సెంటీమీటర్లు పైన ఉన్నది. రెండవ లాటులో పదియు గురి చుట్టే పడినవి, కాని 20 సెంటీమీటర్ల వెడల్పున చెదిరినవి. తెలియనివారు రెండవ దానిని మెచ్చుకొందురు. ఎన్నుకొనవలసినది మొదటిదే. స్క్రూగేజిలోని శూన్యాంశ దోషమును తీసివేసినట్లు ఆ 12 సెంటీమీటర్లను గురిపట్టీ మార్చి తీసివేయవచ్చును. చెదురుబాటును ఏ మరయు సరిచేయదు. మూడు తూటాలు కాల్చి తీర్పు చెప్పు అలవాటు కూడ ఉన్నది. అదే రైఫిలు, అవే తూటాలు అయినను, పది గుండ్ల చెదురుబాటు మూడు గుండ్ల దానికి సగటున ఒకటిన్నర రెట్లకు పైగా ఉండును. మూడింటిని చూచి మురిసినవాడు తన్ను తానే మోసపుచ్చుకొనుచున్నాడు.

గుండు స్వరూపము మీద వేటగానికిని పోలీసునకును అవసరములు వేరు. సీసము ముక్కు బయటికి కనబడు మెత్తని గుండు తాకగానే పుట్టగొడుగువలె విప్పారి శక్తినంతయు అచ్చటనే విడుచును. జంతువు బాధపడక త్వరగా చచ్చును, గుండు ఆవలికి దూసికొనిపోవుట తగ్గును. ఇట్టి గుండును కలకత్తా సమీపమున డమ్‌డమ్ ఆయుధాగారములో 1890 దశాబ్దమున తయారు చేసిరి. మనుష్యులమీద దాని ఫలితము క్రూరమని 1899లో హేగు సమావేశము యుద్ధమున దానిని నిషేధించినది. తరువాత 1910లో వచ్చిన 303 ఏడవ నమూనా గుండునకు పూర్తి లోహపు తొడుగు ఉన్నది. ముక్కులో అల్యూమినియము వంటి తేలిక పదార్థము పెట్టుటచే బరువు తోకవైపు హెచ్చి, అది దేహమున తగులగానే అడ్డము తిరిగెడిది. నిషేధపు అక్షరము నిలిచినది, ఉద్దేశము నిలిచినదా యనునది ఆలోచింపదగిన విషయము.

మన దేశమున 303 తూటా పౌరులకు నిషిద్ధము. ఇచ్ఛాపూరు రైఫిలు కర్మాగారమువారి 315 రైఫిలు లైసెన్సుపై లభించును. పోలీసునకు మెత్తని గుండుకంటె ముందు కావలసినది వేరొకటి: మీట నొక్కినప్పుడు తూటా తప్పక పేలవలెను. జనసమ్మర్దమున రైఫిలు తీయుటయే చివరి ఉపాయము. ఆ స్థితిలో పేలని తూటా పోలీసు ప్రాణమునకు, గోడను చొచ్చుకొనిపోవు తూటా దారిన పోవువాని ప్రాణమునకు ముప్పు. అభ్యాసమునకు చవుక తూటా, విధికి మంచి తూటా అను పద్ధతి మంచిది కాదు. చేయి ఏ తూటాతో గురి నేర్చినదో అదే తూటా విధిలోను ఉండవలెను.

పేలుటలో నమ్మకము ఎంతయని కొలుచుట ఎట్లు? ఒకసారి కాల్చిన తూటా మరల పనికిరాదు. దాచిన తూటాను కాల్చక పరీక్షింపలేము. కావున ఒకేసారి తయారైన లాటునుండి కొన్నిటిని తీసి కాల్చి మిగిలినవానిని గూర్చి ఊహింపవలెను. 50 కాల్చగా అన్నియు పేలినవి. చాలునా? నూటికి ఒకటి చెడ్డదైన లాటులో సైతము 50ని వరుసగా పేల్చగల సంభావ్యత 0.99ను 50 మార్లు గుణించిన లబ్ధము, అనగా 0.605. చెడ్డ లాటుకూడ పదింట ఆరుమార్లు ఈ పరీక్షలో నెగ్గుచున్నది! అదే 300 కాల్చినచో ఆ సంభావ్యత 0.049కి దిగును. సంవర్గమానములు నేర్చిన విద్యార్థులు ఈ రెండును స్వయముగా చేసి చూడవచ్చును. 300లో ఒక్కటియు తప్పనిచో చెడ్డవి నూటికి ఒకటికంటె తక్కువయని ధైర్యముగా అనవచ్చును. వెయ్యింటికి ఒకటియని మాత్రము అనరాదు. పది తూటాలు కొని రెండు కాల్చి చూచుకొను రైతు ఈ లెక్క చేయలేడు. అతనికి ఆధారము కర్మాగారపు పరీక్షయు, డబ్బాపైని లాటు సంఖ్యయు. అందుచే విడి తూటాలను, వేర్వేరు లాటులను కలిపిన తూటాలను కొనకుండుటయే మేలు.

మంచి లాటును కూడ తేమ చెరుపును. ప్రైమరు, మూతి సరిగా మూయబడని తూటాలోనికి వానకాలపు చెమ్మ చేరి మందు నిదానముగా అంటుకొనవచ్చును. మీట నొక్కినను పేలనిచో వెంటనే తెరచి చూడరాదు. గొట్టమును నిరపాయమైన దిక్కునకు ఉంచి కనీసము అర నిమిషము ఆగవలెను. ఆలస్యముగా పేలు తూటాలు కలవు. వెనుకటి ప్రైమరులలో పొటాసియము క్లోరేటు ఉండెడిది. అది మండగా మిగులు పొటాసియము క్లోరైడు మన ఉప్పువంటిదే. గాలిలోని తేమను పీల్చి గొట్టమును త్రుప్పు పట్టించెడిది. ఉప్పు నూనెలో కరగదు, నీటిలో కరగును. అందుకే నాటి సిపాయిలు కాల్పులు ముగియగానే మొదట గొట్టములో మరుగునీరు పోసి, ఆరిన పిమ్మట నూనె పూసెడివారు.